మెయిన్‌కు ముందు నడిచే కోడ్

సి, సి++ ప్రోగ్రాములు మెయిన్ ఫంక్షన్‌తో మొదలవుతాయన్నది భాష పెట్టుకున్న నియమం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు మెయిన్ అనే పేరుతో పనిలేదు. అది చూసేది ఎగ్జిక్యూటబుల్ ఫైల్ హెడర్‌లో రాసి ఉన్న ఒక అడ్రస్‌ను మాత్రమే. ఆ అడ్రస్‌కూ మెయిన్‌లోని మొదటి స్టేట్‌మెంట్‌కూ మధ్య చాలా కోడ్ నడుస్తుంది. అందులో కొంత కంపైలర్‌తో వస్తుంది, కొంత లైబ్రరీలు తెస్తాయి, కొంత ప్రోగ్రామరే రాస్తాడు, చాలాసార్లు రాస్తున్నానన్న ఎరుక లేకుండానే. ఈ కోడ్‌ను ఎవరూ పిలవనక్కర్లేదు. ప్రోగ్రామ్‌లో ఉంటే చాలు, నడుస్తుంది. దీనివల్ల కలిగే సౌకర్యానికీ, వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఇదే.

లినక్స్‌లో జరిగే క్రమం ఇది. ఎగ్జెక్‌విఈ సిస్టమ్ కాల్ అందగానే కెర్నల్ ప్రోగ్రామ్ ఫైల్‌ను మెమరీలోకి మ్యాప్ చేస్తుంది. డైనమిక్‌గా లింక్ చేసిన ఫైల్ అయితే అందులో డైనమిక్ లింకర్ పేరు కూడా ఉంటుంది. కెర్నల్ దాన్ని కూడా మెమరీలోకి తెచ్చి ముందు దానికే కంట్రోల్ ఇస్తుంది. డైనమిక్ లింకర్ తన అడ్రస్‌లను తానే సరిచేసుకుని, ప్రోగ్రామ్‌కు కావలసిన షేర్డ్ లైబ్రరీలను ఒక్కొక్కటిగా తెచ్చి, వాటి సింబల్స్‌ను ముడివేస్తుంది. తరువాత ఆ లైబ్రరీల ఇనీషియలైజేషన్ ఫంక్షన్లను నడుపుతుంది. ఒక లైబ్రరీ మరొకదానిపై ఆధారపడితే ఆధారమైనది ముందు, ఆధారపడినది తరువాత. ఇదంతా అయ్యాకే ప్రోగ్రామ్ ఎంట్రీ పాయింట్‌కు దూకుతుంది. ఎంట్రీ పాయింట్ పేరు 'స్టార్ట్', ముందు ఒక అండర్‌స్కోర్‌తో. అది సి లైబ్రరీతో వచ్చే చిన్న అసెంబ్లీ ముక్క. స్టాక్ మీద కెర్నల్ పెట్టి ఉంచిన ఆర్గ్యుమెంట్ల సంఖ్యను, వాటి అడ్రస్‌ను తీసుకుని, స్టాక్‌ను 16 బైట్ల హద్దుకు సర్ది, మెయిన్ అడ్రస్‌తో సహా అన్నిటినీ సి లైబ్రరీలోని ఒక ఫంక్షన్‌కు అప్పగించడం దాని పని. ఆ ఫంక్షన్ ప్రోగ్రామ్ సొంత ఇనీషియలైజేషన్ కోడ్‌ను నడిపి, మెయిన్‌ను పిలిచి, మెయిన్ తిరిగి ఇచ్చిన విలువను ఎగ్జిట్‌కు అందిస్తుంది. అంటే సి లైబ్రరీకి మెయిన్ కూడా తాను పిలిచే మరో ఫంక్షనే.

సి భాషలో గ్లోబల్ వేరియబుల్‌కు ఇచ్చే ఆరంభ విలువ కంపైల్ సమయానికే తెలిసే స్థిరాంకం కావాలి. అందువల్ల డెస్క్‌టాప్ మీద సి ప్రోగ్రామర్‌కు ఈ తొలి దశ దాదాపు కనబడదు. విలువలు ఫైల్‌లోనే ఉంటాయి, కెర్నల్ వాటిని ఉన్నవి ఉన్నట్టుగా మెమరీలోకి మ్యాప్ చేస్తుంది. సున్నాతో మొదలయ్యే వేరియబుల్స్‌కు సున్నాలు నింపిన పేజీలను ఇస్తుంది. ఆ కెర్నల్ లేని చోట, అంటే మైక్రోకంట్రోలర్ మీద, అదే పనిని కోడ్ రాసి చేయవలసి వస్తుంది.

ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్ రీసెట్ అవగానే వెక్టర్ టేబుల్‌లోని మొదటి వర్డ్‌ను స్టాక్ పాయింటర్‌లోకి తీసుకుని, రెండో వర్డ్‌లోని అడ్రస్‌కు వెళుతుంది. అక్కడ ఉండేది రీసెట్ హ్యాండ్లర్. 'కౌంట్ = 5' అని ఒక గ్లోబల్ వేరియబుల్ ఉందనుకుంటే, ఆ 5 ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, వేరియబుల్ ర్యామ్‌లో ఉంటుంది. ఫ్లాష్‌లోని విలువలను ర్యామ్‌లోకి కాపీ చేసే లూప్, సున్నా కావలసిన భాగాన్ని తుడిచే మరో లూప్ రీసెట్ హ్యాండ్లర్‌లో ఉంటాయి. క్లాక్‌ను సిద్ధం చేసే 'సిస్టమ్ఇనిట్' అనే ఫంక్షన్‌ను కూడా ఇక్కడినుంచే పిలుస్తారు. ఆ ఫంక్షన్‌లో గ్లోబల్ వేరియబుల్స్ వాడకూడదని ఆర్మ్ వారి సిఎంసిస్ నియమావళి చెబుతుంది. కారణం సూటిగానే ఉంది: కాపీ లూప్ ఇంకా నడవలేదు. ఇప్పుడు అక్కడ ఏ విలువ రాసినా తరువాత వచ్చే కాపీ దాన్ని చెరిపేయవచ్చు. చెరిపేస్తే ఏ లోపమూ బయటికి కనబడదు. విలువ మాత్రం రాసినది కాదు.

ఈ దశలో సమయం కూడా కీలకమే. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎంఎస్‌పి430 చిప్‌లలో రీసెట్ తరువాత వాచ్‌డాగ్ టైమర్ తనంతట తానే నడుస్తూ ఉంటుంది. గడువు 32,768 క్లాక్ సైకిళ్లు. మెమరీ నింపే లూపులు అంతకన్నా ఎక్కువసేపు తీసుకుంటే చిప్ మెయిన్‌కు చేరకముందే మళ్లీ రీసెట్ అవుతుంది, మళ్లీ అదే జరుగుతుంది. మెయిన్ మొదటి వరుసలోనే వాచ్‌డాగ్‌ను ఆపే స్టేట్‌మెంట్ ఉన్నా ఫలితం ఉండదు, ఎందుకంటే అక్కడిదాకా రావడమే లేదు. అందుకే ఆ చిప్‌ల కంపైలర్లు మెమరీ నింపకముందే నడిచే ఒక ఫంక్షన్‌ను ప్రోగ్రామర్‌కు వదిలిపెట్టాయి. ఎవిఆర్ చిప్‌లకు వాడే ఎవిఆర్-లిబ్‌సి ఇంకా స్పష్టమైన ఏర్పాటు చేసింది. మెయిన్‌కు ముందరి కోడ్‌ను 0 నుంచి 9 వరకు పది మెట్లుగా విడగొట్టింది: రెండో మెట్టులో స్టాక్, నాలుగో మెట్టులో డేటా కాపీ, ఆరో మెట్టులో సి++ కన్‌స్ట్రక్టర్లు, తొమ్మిదో మెట్టులో మెయిన్‌కు దూకడం. వాచ్‌డాగ్‌ను ఆపాలనుకునేవారు మూడో మెట్టులో తమ కోడ్ పెట్టుకోవచ్చు. ఏది ఎప్పుడు నడుస్తుందో ఇంత స్పష్టంగా పేరుపెట్టి చెప్పిన వ్యవస్థలు తక్కువ.

ఇంజనీరింగ్ విద్యార్థులు ఎక్కువగా వాడే ఆర్డ్యునో బోర్డుల్లో దీని ఫలితం నేరుగా కనబడుతుంది. ఆర్డ్యునోలో మెయిన్ దాగి ఉంటుంది. అది ముందు టైమర్లను, ఇంటరప్టులను సిద్ధం చేసే 'ఇనిట్'ను పిలిచి, ఆ తరువాతే విద్యార్థి రాసిన 'సెటప్'ను పిలుస్తుంది. గ్లోబల్ ఆబ్జెక్టుల కన్‌స్ట్రక్టర్లు వీటన్నిటికన్నా ముందే నడుస్తాయి. సెన్సర్ కోసం రాసిన క్లాసు కన్‌స్ట్రక్టర్‌లో 'డిలే' పిలిస్తే, గడియారం లెక్క పెట్టే టైమర్ ఇంకా మొదలుకాలేదు కనుక ఆ డిలే ఎప్పటికీ పూర్తికాదు. బోర్డు చెడిపోయిందేమో అనిపించేలా ఊరికే ఆగిపోతుంది. చాలా ఆర్డ్యునో లైబ్రరీలలో 'బిగిన్' అనే ఫంక్షన్ విడిగా ఉండటానికీ, దాన్ని సెటప్‌లోనే పిలవమనడానికీ కారణం ఇది.

సి++ రావడంతో ప్రశ్న పెద్దదైంది. గ్లోబల్ ఆబ్జెక్టుకు కన్‌స్ట్రక్టర్ ఉండవచ్చునని భాష అనుమతించింది. దాన్ని మెయిన్‌కు ముందు పిలిచేదెవరన్న ప్రశ్నకు అప్పటి యూనిక్స్ లింకర్ల దగ్గర జవాబు లేదు. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మొదటి సి++ అనువాదకం సిఫ్రంట్ దీనికి ఒక దొడ్డిదారి వెతికింది. ప్రోగ్రామ్‌ను ఒకసారి లింక్ చేసి, అందులోని సింబల్ పేర్లను చదివి, ఇనీషియలైజేషన్ ఫంక్షన్లుగా కనిపించినవాటి పట్టికను ఒక చిన్న సి ఫైల్‌గా రాసి, దాన్ని కంపైల్ చేసి మళ్లీ లింక్ చేసేది. జిసిసిలోని 'కలెక్ట్2' ఇదే పద్ధతిని అనుసరించింది. ఆ పట్టికను నడిపే పిలుపును కంపైలర్ మెయిన్ మొదట్లోనే చొప్పిస్తుంది. విండోస్ కోసం మింగ్‌డబ్ల్యు కంపైలర్‌తో తయారుచేసిన ప్రోగ్రామ్‌ను డిసాసెంబుల్ చేసి చూస్తే మెయిన్ మొదట్లో, మూలకోడ్‌లో ఎవరూ రాయని ఆ పిలుపు ఈనాటికీ కనిపిస్తుంది.

ఈఎల్ఎఫ్ ఫైల్ రూపం వచ్చాక లింకర్ చేతికే పని అప్పగించడం వీలైంది. ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్ తన ఇనీషియలైజేషన్ ఫంక్షన్ అడ్రస్‌ను ఒక నిర్ణీత సెక్షన్‌లో పెడుతుంది. ఒకే పేరున్న సెక్షన్లను లింకర్ ఎలాగూ పక్కపక్కన చేరుస్తుంది కనుక, చివరికి ఫంక్షన్ అడ్రస్‌ల వరుస ఒకటి తయారవుతుంది. ఆరంభ కోడ్ ఆ వరుసలో నడిచిపోతే చాలు. మొదట వాడిన 'సిటార్స్' సెక్షన్‌ను చివరినుంచి మొదటికి చదివేవారు. తరువాత వచ్చిన 'ఇనిట్ అరే' సెక్షన్‌ను మొదటినుంచి చివరికి చదువుతారు. 2012లో వచ్చిన జిసిసి 4.7, వీలున్న సిస్టమ్‌లలో రెండోదాన్నే వాడటం మొదలుపెట్టింది. దాంతో ఆబ్జెక్ట్ ఫైళ్లను లింక్ చేసే క్రమంపై తెలియకుండా ఆధారపడిన ప్రోగ్రాములకు వరుస తలకిందులైంది. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్‌దీ ఇదే ఉపాయం, కాస్త చమత్కారంగా. సెక్షన్ పేరులో డాలర్ గుర్తు తరువాతి అక్షరాలను బట్టి లింకర్ అకారాది క్రమంలో పేరుస్తుంది. 'ఎక్స్‌సిఏ' మొదలు, 'ఎక్స్‌సిజడ్' చివర. కంపైలర్ తన అడ్రస్‌లన్నిటినీ 'ఎక్స్‌సియు'లో పెడుతుంది కనుక అవి ఆ రెండిటి మధ్యే పడతాయి. లినక్స్ కెర్నల్ తన డ్రైవర్లను మొదలుపెట్టేదీ ఈ తీరులోనే: కోర్, సబ్‌సిస్టమ్, ఫైల్‌సిస్టమ్, డివైస్, లేట్ వంటి అంచెలుగా సెక్షన్లు ఉంటాయి. ఆ కోడ్ నడిచాక దాని మెమరీని కెర్నల్ తిరిగి తీసేసుకుంటుంది కూడా.

సి++ బయట, సాదా సి ఫంక్షన్‌కు కూడా జిసిసి, క్లాంగ్‌లలో 'కన్‌స్ట్రక్టర్' అనే ఆట్రిబ్యూట్ తగిలిస్తే అది మెయిన్‌కు ముందు నడుస్తుంది. దానికి ప్రాధాన్య సంఖ్య ఇవ్వవచ్చు. చిన్న సంఖ్య ముందు నడుస్తుంది. 0 నుంచి 100 వరకు కంపైలర్, లైబ్రరీల సొంతం కనుక ప్రోగ్రామర్‌కు దక్కేవి 101 నుంచే. ఈ సంఖ్యలు చూడటానికి క్రమాన్ని చేతిలో పెట్టినట్టు ఉంటాయి. అయితే అవి ఒక ఎగ్జిక్యూటబుల్ లేదా ఒక షేర్డ్ లైబ్రరీ లోపల మాత్రమే చెల్లుతాయి. రెండు బృందాలు విడివిడిగా 101 ఎంచుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

క్రమం ఎందుకంత ముఖ్యమో సి++లో ఒక ఉదాహరణ తీసుకుంటే తెలుస్తుంది. ఒక ఫైల్‌లో లాగ్ ఫైల్ పేరును పట్టుకున్న గ్లోబల్ స్ట్రింగ్ ఉంది. మరో ఫైల్‌లో ఉన్న గ్లోబల్ లాగర్ తన కన్‌స్ట్రక్టర్‌లో ఆ పేరు చదివి ఫైల్ తెరుస్తుంది. ఒకే ఫైల్‌లో ఉన్న ఆబ్జెక్టులు రాసిన వరుసలో మొదలవుతాయని ప్రమాణం హామీ ఇస్తుంది. వేర్వేరు ఫైళ్ల మధ్య అలాంటి హామీ లేదు. లాగర్ ముందు నడిస్తే ఏమవుతుంది? స్ట్రింగ్‌లో చెత్త విలువ ఉండదు. కన్‌స్ట్రక్టర్లు మొదలుకాకముందే గ్లోబల్ మెమరీ అంతా సున్నా అయి ఉంటుంది కనుక స్ట్రింగ్ పొడవు సున్నా, పాయింటర్ సున్నా. ఫైల్ తెరుచుకోదు, లేదా ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది. ఇంకా ఇబ్బందికరమైనది మూడో అవకాశం: ప్రోగ్రామ్ మామూలుగా నడుస్తూనే ఉంటుంది, లాగ్‌లు మాత్రం ఎక్కడా కనబడవు. మేక్‌ఫైల్‌లో రెండు పేర్లు అటుఇటు మారిస్తే లోపం మాయమవుతుంది, కొన్నాళ్లకు మరో మార్పుతో తిరిగివస్తుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే ప్రోగ్రామ్ ప్రవర్తన మారిపోతుంది.

ప్రామాణిక లైబ్రరీయే మొదట ఈ ఇరకాటంలో పడింది. ఏ గ్లోబల్ కన్‌స్ట్రక్టర్ అయినా 'సిఔట్'కు రాయవచ్చు కనుక సిఔట్ అందరికన్నా ముందు సిద్ధంగా ఉండాలి. ఐఓస్ట్రీమ్ లైబ్రరీని రూపొందించిన జెర్రీ ష్వార్జ్ కనిపెట్టిన పరిష్కారం ఇది: ఆ హెడర్‌ను చేర్చుకున్న ప్రతి ఫైల్‌లోనూ ఒక చిన్న స్టాటిక్ ఆబ్జెక్ట్ పుడుతుంది. దాని కన్‌స్ట్రక్టర్ ఒక ఉమ్మడి లెక్కను ఒకటి పెంచుతుంది. లెక్క సున్నా నుంచి ఒకటికి మారినప్పుడు సిఔట్ తయారవుతుంది, చివరి డిస్ట్రక్టర్ లెక్కను సున్నాకు తెచ్చినప్పుడు బఫర్లు ఖాళీ అవుతాయి. హెడర్ ఫైల్‌లో పైనే ఉంటుంది కనుక ఆ ఫైల్‌లోని మిగతా ఆబ్జెక్టులకన్నా ఇది ముందే నడుస్తుంది. ష్వార్జ్ కౌంటర్‌గా పేరుపొందిన ఈ పద్ధతి తర్కంలో లోటు లేనిది, దాని మూల్యం మాత్రం ప్రతి ఫైల్‌కూ ఒక ఇనీషియలైజేషన్ ఫంక్షన్. 2023లో జిసిసి 13 చాలా సిస్టమ్‌లకు ఈ భారాన్ని తీసేసి, ఆ ఒక్క ఆబ్జెక్టును లైబ్రరీ లోపలికే మార్చింది.

సాధారణ ప్రోగ్రాములకు ఎక్కువగా చెప్పే మందు మరొకటి: గ్లోబల్ ఆబ్జెక్టును ఫంక్షన్ లోపలి స్టాటిక్‌గా మార్చడం. మొదటిసారి ఆ ఫంక్షన్‌ను పిలిచినప్పుడే అది పుడుతుంది, కనుక అవసరమే క్రమాన్ని నిర్ణయిస్తుంది. రెండు థ్రెడ్లు ఒకేసారి పిలిచినా ఒక్కసారే పుట్టేలా సి++11 ప్రమాణం హామీ ఇచ్చింది. ముగింపులో మాత్రం పాత చిక్కు తిరిగివస్తుంది. డిస్ట్రక్టర్లు పుట్టిన క్రమానికి ఎదురు క్రమంలో నడుస్తాయి, ఇంకా ఎవరో వాడుతున్న ఆబ్జెక్ట్ ముందే నాశనం కావచ్చు. అందుకే చాలా పెద్ద ప్రాజెక్టుల్లో అలాంటి ఆబ్జెక్టును కావాలనే ఎన్నటికీ విడుదల చేయకుండా వదిలేస్తారు. గూగుల్ సి++ శైలి నియమావళి ఇంకా కఠినంగా, డిస్ట్రక్టర్ పని ఏమైనా ఉన్న గ్లోబల్ ఆబ్జెక్టులనే నిషేధించింది. అన్నిటికన్నా మేలైన దారి, ఆ విలువను కంపైల్ సమయంలోనే లెక్కకట్టడం. సి++11 తెచ్చిన 'కాన్‌స్ట్‌ఎక్స్‌పీఆర్' దానికి బాట వేసింది. సి++20లో చేరిన 'కాన్‌స్టినిట్' ఒక మెట్టు పైకి వెళ్లి, ఆరంభ విలువ కంపైల్ సమయంలో తేలకపోతే కంపైలేషన్‌నే ఆపేస్తుంది. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు చేసే పని లేకుండా పోతే, ఆ పని క్రమం గురించిన ప్రశ్న కూడా ఉండదు.

ఇన్ని చిక్కులున్నా ఈ కోడ్‌ను జనం వదులుకోకపోవడానికి బలమైన కారణం ఉంది, అదే నమోదు. గూగుల్‌టెస్ట్‌లో ఒక టెస్ట్ రాస్తే, దాన్ని ఏ జాబితాలోనూ చేర్చనక్కర్లేదు. 'టెస్ట్' మ్యాక్రో ఒక స్టాటిక్ వేరియబుల్‌ను సృష్టిస్తుంది, దాని ఆరంభ విలువను లెక్కకట్టే ఫంక్షనే టెస్ట్‌ను పట్టికలో చేరుస్తుంది. మెయిన్ మొదలయ్యేసరికి పట్టిక నిండి ఉంటుంది. ప్లగిన్లు, ఫైల్ రూపాల డీకోడర్లు, కమాండ్‌లైన్ ఆప్షన్లు చాలాచోట్ల ఇలాగే నమోదవుతాయి. ఎల్ఎల్‌విఎం కంపైలర్ ప్రాజెక్ట్ నియమావళి గ్లోబల్ కన్‌స్ట్రక్టర్లు వద్దంటుంది, అదే ప్రాజెక్ట్ కమాండ్‌లైన్ ఆప్షన్లు మాత్రం వాటిమీదే నిలిచి ఉన్నాయి. కొత్త ఫైల్ చేరిస్తే పాత ఫైల్ ఒక్కటీ ముట్టుకోనక్కర్లేదన్న సుఖం అంత గట్టిది.

ఆ సుఖానికి ఒక ఉచ్చు ఉంది, దాన్ని మొదటిసారి చూసినవారికి నమ్మబుద్ధి కాదు. నమోదు చేసే ఫైల్‌ను స్టాటిక్ లైబ్రరీలో పెడితే నమోదు జరగదు. స్టాటిక్ లైబ్రరీ నుంచి లింకర్ అన్ని ఆబ్జెక్ట్ ఫైళ్లనూ తీసుకోదు. ఎవరికో కావలసిన సింబల్ ఏదో ఒక ఫైల్‌లో ఉంటేనే ఆ ఫైల్‌ను తీసుకుంటుంది. నమోదు ఫైల్‌ను ఎవరూ పేరుపెట్టి అడగరు, అడగనక్కర్లేకపోవడమే దాని ఉద్దేశం. అందుచేత లింకర్ దాన్ని వదిలేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, డీకోడర్ ఉండదు, టెస్ట్ నడవదు. నడవని టెస్ట్ విఫలం కూడా కాదు కనుక అంతా బాగున్నట్టే కనబడుతుంది. లైబ్రరీ మొత్తాన్ని తీసుకోమని లింకర్‌కు చెప్పే ఆప్షన్ ఉంది, గ్నూ లింకర్‌లో 'హోల్-ఆర్కైవ్' పేరుతో. అది వాడితే, ఏదీ చెప్పకుండానే పని జరుగుతుందనుకున్న చోట బిల్డ్ ఫైల్‌లో చెప్పవలసి వచ్చినట్టే. ప్రోగ్రామర్ స్వయంగా నమోదు ఫంక్షన్ల జాబితా ఒకటి రాసి మెయిన్‌లో పిలవడం పాతకాలపు పద్ధతిలా అనిపించినా, జాబితాలో ఉన్న ఫంక్షన్ ఏదైనా లింక్ కాకపోతే లింకరే పట్టిచ్చేది ఆ పద్ధతిలోనే.

వేగం విషయానికి వస్తే, ఒక్కో కన్‌స్ట్రక్టర్ ఖర్చు స్వల్పం. వందలు, వేలు పోగుపడితే డిస్క్ నుంచి పేజీలు తేవడమే అసలు భారం అవుతుంది. 2010 ప్రాంతంలో మొజిల్లా ఇంజనీర్లు ఫైర్‌ఫాక్స్ ఎందుకు నెమ్మదిగా తెరుచుకుంటోందో లోతుగా పరిశీలించారు. దాని పెద్ద లైబ్రరీలో ఇనీషియలైజేషన్ ఫంక్షన్లు ఫైల్ పొడవునా చెదిరి ఉన్నాయి, పైగా పాత సిటార్స్ పద్ధతి వల్ల చివరినుంచి మొదటికి నడుస్తున్నాయి. కెర్నల్ ఫైల్‌ను ముందుకు చదువుతారని ఊహించి రాబోయే పేజీలను సిద్ధం చేస్తుంది. ఈ నడక వెనక్కి సాగడంతో ఆ ఊహ ఫలించలేదు. తిరిగే డిస్కుల కాలంలో అది వినియోగదారు కంటికి తెలిసే ఆలస్యం. ఆపిల్ సంస్థ 2016 డెవలపర్ల సదస్సులో యాప్ 400 మిల్లీసెకన్లలో తెరుచుకోవాలన్న లక్ష్యం చెప్పి, ఆబ్జెక్టివ్-సిలో మెయిన్‌కు ముందే నడిచే 'లోడ్' మెథడ్లను వదిలి, మొదటి వాడకంలో నడిచే 'ఇనీషియలైజ్' వాడమని సూచించింది.

వైఫల్యం సంగతి ఇంకా కటువు. గ్లోబల్ కన్‌స్ట్రక్టర్‌లో ఎక్సెప్షన్ వస్తే దాన్ని పట్టుకునే చోటే లేదు. మెయిన్ మొత్తాన్ని ట్రై బ్లాక్‌లో చుట్టినా పట్టుబడదు. ప్రోగ్రామ్ అక్కడే ముగుస్తుంది. అప్పటికి లాగింగ్ మొదలై ఉండదు, క్రాష్ రిపోర్టర్ అమర్చి ఉండదు, కమాండ్‌లైన్ చదివి ఉండదు. విండోస్‌లో డిఎల్ఎల్ ఆరంభ ఫంక్షన్ 'డిఎల్ఎల్‌మెయిన్' నడిచేటప్పుడు లోడర్ ఒక లాక్ పట్టుకుని ఉంటుంది. అక్కడ కొత్త థ్రెడ్ సృష్టించి దానికోసం ఎదురుచూస్తే, ఆ థ్రెడ్ మొదలుకావడానికి అదే లాక్ కావాలి కనుక ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోతారు. అక్కడ చేయకూడని పనుల గురించి మైక్రోసాఫ్ట్ ప్రత్యేకంగా మార్గదర్శకాలే రాసింది. వాటి సారం, వీలైనంత తక్కువ చేయమనే.

మిగతా భాషలు ఈ ప్రశ్నను ఎలా తీర్చుకున్నాయో చూస్తే, సి++ తీసుకున్న దారి ఒక్కటే గతి కాదని తెలుస్తుంది. 1983 నాటి ఏడా దీన్ని లింకర్ వ్యవహారంగా కాక భాషా విషయంగానే చూసింది. ఏ ప్యాకేజీ ముందు సిద్ధం కావాలో ప్రోగ్రామర్ ప్రాగ్మాలతో చెప్పవచ్చు, మిగతాది బైండర్ నిర్ణయిస్తుంది. సిద్ధం కాని యూనిట్‌లోని సబ్‌ప్రోగ్రామ్‌ను పిలిస్తే నిర్దిష్టమైన ఎక్సెప్షన్ వస్తుంది. చెత్త విలువతో ముందుకు సాగడం కన్నా అది ఎంతో మేలు. డి భాషలో మాడ్యూల్ కన్‌స్ట్రక్టర్లు ఒకదానిపై ఒకటి చక్రంలా ఆధారపడితే రన్‌టైమ్ ఆ సంగతి చెప్పి ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. గో భాష ప్యాకేజీల మధ్య చక్రాలను కంపైలర్ దగ్గరే నిషేధించింది. దిగుమతి చేసుకున్న ప్యాకేజీ ముందు, చేసుకున్నది తరువాత. ఒక ప్యాకేజీ లోపల వేరియబుల్స్ ఏది దేన్ని వాడుతోందో చూసి కంపైలర్ వరుస కడుతుంది. ఆ తరువాత 'ఇనిట్' ఫంక్షన్లు. ఒకదానిపై ఒకటి ఆధారపడని ప్యాకేజీల వరుసను కూడా 2023లో గో 1.21 నిర్దిష్టం చేసింది. డేటాబేస్ డ్రైవర్లు గోలో ఇనిట్ ద్వారానే నమోదవుతాయి, కానీ డ్రైవర్ ప్యాకేజీని దిగుమతి చేసుకున్నట్టు ఒక వరుస రాయవలసిందే. స్టాటిక్ లైబ్రరీలో నిశ్శబ్దంగా మాయమయ్యే జబ్బు ఆ ఒక్క వరుసతో పోయింది. చూడబోతే ఇదే సమతూకం అన్నిటిలోకీ బాగా కుదిరినది.

జావా మరో దారి పట్టింది. క్లాసును మొదటిసారి వాడినప్పుడే దాని స్టాటిక్ బ్లాక్ నడుస్తుంది, మెయిన్ ఉన్న క్లాసుకు మాత్రం మెయిన్‌కు ముందు. మెయిన్ లేకుండానే స్టాటిక్ బ్లాక్‌లో ముద్రించి ఎగ్జిట్ పిలవడం ఒకప్పుడు ఇంటర్వ్యూల్లో అడిగే తమాషా ప్రశ్న. జావా 7 నుంచి ముందుగా మెయిన్ ఉందో లేదో చూస్తారు కనుక అది చెల్లదు. ప్రొఫైలర్ల వంటి పనిముట్ల కోసం జావా 5 'ప్రీమెయిన్' అనే పేరుతోనే ఒక తలుపు తెరిచింది. సి# భాషకు మాడ్యూల్ ఇనీషియలైజర్లు 2020లో, తొమ్మిదో వెర్షన్‌లో వచ్చాయి. స్విఫ్ట్‌లో గ్లోబల్ వేరియబుల్స్ సాధారణంగా మొదటి వాడకంలోనే సిద్ధమవుతాయి. రస్ట్ మెయిన్‌కు ముందు ఏ ప్రోగ్రామర్ కోడూ నడవకూడదని తీర్మానించుకుంది: స్టాటిక్ విలువలు కంపైల్ సమయానికి తేలాలి, లేదంటే మొదటి వాడకంలో సిద్ధమయ్యే 'లేజీలాక్' వంటివి వాడాలి. అది 2024లో 1.80 వెర్షన్‌తో ప్రామాణిక లైబ్రరీలో స్థిరపడింది. అంత పట్టుదల ఉన్న రస్ట్ ప్రామాణిక లైబ్రరీ కూడా లినక్స్‌లో గ్నూ సి లైబ్రరీతో నడిచేటప్పుడు కమాండ్‌లైన్ ఆర్గ్యుమెంట్లను ఇనిట్ అరేలో పెట్టిన ఒక ఫంక్షన్ ద్వారానే అందుకుంటుంది. మెయిన్ రస్ట్‌లో కాక సిలో ఉన్న ప్రోగ్రామ్‌లోనూ అవి అందాలంటే అంతకన్నా నమ్మదగ్గ చోటు లేదు.

ప్రోగ్రామ్ రచయితకు తెలియకుండా నడిచే కోడ్ దాడి చేసేవారికి కూడా పనికివస్తుంది. లినక్స్‌లో 'ఎల్‌డి ప్రీలోడ్' ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఏ లైబ్రరీనైనా ప్రోగ్రామ్‌లోకి చొప్పించి, దాని కన్‌స్ట్రక్టర్‌ను మెయిన్‌కు ముందు నడిపించవచ్చు. సెట్‌యుఐడి ప్రోగ్రాములకు డైనమిక్ లింకర్ ఆ స్వేచ్ఛను కత్తిరించేది ఇందుకే. విండోస్‌లో టిఎల్ఎస్ కాల్‌బ్యాక్‌లు ఎంట్రీ పాయింట్ కన్నా ముందే నడుస్తాయి కనుక, ఎంట్రీ పాయింట్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టుకుని కూర్చున్న విశ్లేషకుడి నుంచి తప్పించుకోవడానికి మాల్‌వేర్ వాటిని వాడుతుంది. ఆరంభ కోడ్‌లోని మామూలు ఇన్‌స్ట్రక్షన్లు కూడా ఆయుధమయ్యాయి. ప్రతి ఎగ్జిక్యూటబుల్‌లోనూ ఒకే తీరుగా ఉండే ఒక ఆరంభ ఫంక్షన్ ముక్కలను వాడి దాడి చేసే పద్ధతిని పరిశోధకులు 2018లో బ్లాక్ హ్యాట్ ఏషియాలో వివరించారు. 2021లో గ్నూ సి లైబ్రరీ 2.34 ఆ ఫంక్షన్‌ను ఎగ్జిక్యూటబుల్స్ నుంచి తీసేసి లైబ్రరీ లోపలికి మార్చింది.

అన్నిటికన్నా తీవ్రమైనది 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ బయటపెట్టిన ఎక్స్‌జడ్ ఉదంతం. ఎక్స్‌జడ్ ప్రాజెక్ట్ కంప్రెషన్ లైబ్రరీ లిబ్ఎల్‌జడ్ఎంఎ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి కోడ్ దాచారు. కొన్ని లినక్స్ పంపిణీలలో ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ను సిస్టమ్‌డి లైబ్రరీతో ముడివేస్తారు, అది ఈ లైబ్రరీని వెంట తెస్తుంది. దొడ్డిదారి నడిచింది మామూలు కన్‌స్ట్రక్టర్‌లో కాదు, దానికన్నా ముందు. ప్రాసెసర్‌ను బట్టి ఏ ఫంక్షన్ వాడాలో ఎంచుకోవడానికి డైనమిక్ లింకర్ పిలిచే 'ఐఫంక్' రిజాల్వర్‌లో. చెక్‌సమ్ లెక్కకట్టే ఫంక్షన్ కోసం అలాంటి రిజాల్వర్ ఉండటం సహజమే, కనుక ఎవరికీ అనుమానం రాదు. ఆ క్షణంలో సింబల్స్ ముడివేయడం ఇంకా పూర్తికాదు, ఫంక్షన్ అడ్రస్‌ల పట్టికకు వేసే రాత-నిషేధం ఇంకా పడదు. ఆ సందులో ఆర్ఎస్ఏ సంతకాన్ని పరిశీలించే ఫంక్షన్ అడ్రస్‌ను మార్చుకునే ఏర్పాటు జరిగింది. ఎస్ఎస్‌హెచ్ మెయిన్ మొదలయ్యేసరికి అంతా అయిపోయింది. ఫ్రాయిండ్‌ను మేల్కొలిపింది లాగిన్‌కు పడుతున్న సుమారు అర సెకను అదనపు సమయం.

ఇలాంటి కోడ్ కంటికి కనబడేలా చేసే పనిముట్లు లేకపోలేదు, వాటి వాడకమే తక్కువ. లినక్స్‌లో 'ఎల్‌డి డీబగ్' వేరియబుల్‌ను 'లిబ్స్' అని పెట్టి ఏ ప్రోగ్రామ్ నడిపినా, ఏ లైబ్రరీ ఇనీషియలైజేషన్ ఎప్పుడు మొదలైందో డైనమిక్ లింకర్ వరుసగా ముద్రిస్తుంది, చివర ప్రోగ్రామ్‌కు కంట్రోల్ అప్పగించిన సంగతితో సహా. డీబగ్గర్ జిడిబిలో 'స్టార్ట్' కమాండ్ మెయిన్ దగ్గర ఆగుతుంది, 'స్టార్టై' ప్రాసెస్‌లోని మొట్టమొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగుతుంది. మెయిన్‌కు ముందరి లోపాన్ని వెతికేవారికి కావలసింది రెండోది. గోలో 1.16 నుంచి 'ఇనిట్‌ట్రేస్' ఆప్షన్ ఒక్కో ప్యాకేజీ ఇనీషియలైజేషన్‌కు పట్టిన సమయాన్ని, తీసుకున్న మెమరీని చూపుతుంది. లినక్స్ కెర్నల్‌కు 'ఇనిట్‌కాల్ డీబగ్' అనే బూట్ పారామీటర్ ఉంది. క్లాంగ్ కంపైలర్‌కు గ్లోబల్ కన్‌స్ట్రక్టర్ల గురించి హెచ్చరించమని చెప్పవచ్చు. అడ్రస్ శానిటైజర్‌కు ఇనీషియలైజేషన్ క్రమాన్ని పరిశీలించే ఆప్షన్ ఉంది, ఒక ఫైల్ ఆబ్జెక్ట్ మరో ఫైల్‌లో ఇంకా సిద్ధం కాని ఆబ్జెక్టును ముట్టుకుంటే చెబుతుంది. క్రోమియం ప్రాజెక్ట్ అయితే బిల్డ్ వ్యవస్థలోనే స్టాటిక్ ఇనీషియలైజర్లను లెక్కపెట్టి, అనుకోకుండా ఒకటి పెరిగినా ఆ మార్పును పట్టుకునే ఏర్పాటు చేసుకుంది.